స్టోర్ రూమ్ ఖాళీ చేసే ముందు: ఇన్సినరేటర్‌కు పంపకూడనివి

మీ ఆసుపత్రుల చెత్తను కాల్చే మా ఇన్సినరేటర్‌లో మొన్న ఒక సంచి పేలింది. లోడింగ్ తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆ సందులోంచి మంట బయటికి తన్ని, సంచులు వేసే కుర్రాడి చెయ్యి మోచేతి దాకా కాలింది. బూడిద చల్లారాక వెతికితే చీలిపోయిన చిన్న స్ప్రే డబ్బా దొరికింది.

సూదులు, కట్లు ఎందులో వేయాలో మీకు తెలుసు. నా భయమంతా పాత అలమరాలు, స్టోర్ రూమ్‌లు ఖాళీ చేసే రోజుల గురించే. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నవన్నీ ఆ రోజు ఒకే సంచిలోకి చేరతాయి.

"ఖాళీదే కదా" అంటారు. నేను చూసిన ప్రతి పేలుడు వెనకా ఉన్న మాట ఇదే. నొక్కితే మందు రానంత మాత్రాన డబ్బా ఖాళీ అయినట్టు కాదు. మందును బయటికి తోసే గ్యాస్ కొంత లోపల మిగిలే ఉంటుంది. ఇన్హేలర్ మీద అంకె సున్నా చూపించినా అంతే. చెత్త కాలే మొదటి చాంబర్‌లో వేడి 800 డిగ్రీల దాకా ఉంటుంది. బయటికి దారి లేని గ్యాస్ ఆ వేడికి డబ్బాను చీల్చేస్తుంది. చాలా స్ప్రేలలో అది మండే గ్యాస్ కూడా. చిన్న ఆక్సిజన్ సిలిండర్లు, పరికరాలను క్రిమిరహితం చేసే ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ కార్ట్రిజ్‌లు, శరీర భాగాలను నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న, మూత బిగించిన సీసాలు, పగలని ఆంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు ఉండే మూసిన గాజు గొట్టాలు) కూడా ఇలాంటివే. అలాగని డబ్బాకు కన్నం పెట్టి పంపకండి. సిలిండర్లను సరఫరా చేసినవాళ్లకే తిరిగి ఇవ్వండి.

పాదరసం పేలదు, అందుకే దానికి ఎవరూ భయపడరు. 357 డిగ్రీలకే ఆవిరైపోతుంది. దుమ్మును పట్టే ఫిల్టర్‌కు ఆ ఆవిరి చిక్కదు, పొగగొట్టం దాటి ఊరి గాలిలో కలుస్తుంది. విరిగిన థర్మామీటర్, పాత బీపీ మెషిన్ విడిగా పెట్టండి.

పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన ట్యూబులు, బ్లడ్ బ్యాగులు కాలిస్తే అందులోని క్లోరిన్ వల్ల డయాక్సిన్లు అనే విష రసాయనాలు పుడతాయి. "వేడి పెంచితే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. పొగ చల్లారుతూ 450 నుంచి 200 డిగ్రీలకు దిగేటప్పుడు అవి మళ్లీ ఏర్పడతాయి.

రేడియోధార్మికత కాలిస్తే పోదు, పొగలోకీ బూడిదలోకీ చేరుతుంది. థైరాయిడ్ చికిత్సలో వాడే రేడియోధార్మిక అయోడిన్-131 సగానికి తగ్గడానికే 8 రోజులు పడుతుంది. అలాంటి పది విడతలు, అంటే 80 రోజులు భద్రంగా ఉంచి, మీటర్‌తో కొలిచాకే తర్వాతి మాట.

క్యాన్సర్ మందులకు 1200 డిగ్రీల వేడి కావాలి. అంత వేడి రాని చోటికి పంపొద్దు. బ్యాటరీలు వద్దు. తీసేసిన పేస్‌మేకర్ వద్దు, అందులోనూ బ్యాటరీ ఉంటుంది, పేలుతుంది. ఎక్స్‌రే ఫిల్ములు వద్దు. సీసం ఆప్రాన్లు వద్దు. ల్యాబ్‌లో పిక్రిక్ యాసిడ్ ఎండిపోయిన సీసా కనిపిస్తే ముట్టుకోవద్దు, ఆ రసాయనం ఎండితే రాపిడికే పేలగలదు, మూత అసలే తిప్పొద్దు, గది మూసి నిపుణులను పిలవండి. పేరు చెరిగిపోయిన సీసా పంపొద్దు. ఖాళీ స్ప్రే డబ్బా పంపొద్దు. ఖాళీ ఇన్హేలర్ పంపొద్దు. లోపల ఏముందో చూడకుండా సంచికి చీటీ అంటించొద్దు. పొరపాటున ఏదైనా వేశామని తర్వాత గుర్తొస్తే సంచిలో చెయ్యి పెట్టి వెతకొద్దు. అర్ధరాత్రయినా సరే, వెంటనే ఫోన్ చేయండి. చాంబర్‌లో పడకముందైతే ఆ సంచిని పక్కన పెట్టగలం.