డ్రోన్ చప్పుడు తగ్గాలంటే ప్రొపెల్లర్ ఎలా ఎంచుకోవాలి?

డ్రోన్ గాల్లోకి లేవగానే వీధి కుక్కలన్నీ మొరుగుతుంటే చాలామంది మోటారును అనుమానిస్తారు. నిజానికి ఆ రొదలో ఎక్కువ భాగం రెక్కలదే, అంటే ప్రొపెల్లర్లదే. సరైన రెక్కలు వేస్తే చప్పుడు తగ్గుతుంది, అదే బ్యాటరీతో ఇంకాసేపు ఎగురుతుంది కూడా.

ముందు రెక్క మీది అంకె చదవండి. 5045 అంటే వ్యాసం 5 అంగుళాలు, పిచ్ 4.5 అంగుళాలు. చెక్కలోకి మర దిగినట్టు గాలిలోకి దిగితే, ఒక్క చుట్టుకు రెక్క ఎంత దూరం పోతుందో అదే పిచ్.

తర్వాత సైజు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. చిన్న అట్టముక్కతో విసురుకుంటే చెయ్యి నొప్పి పుడుతుంది గానీ గాలి రాదు. తాటాకు విసనకర్ర మెల్లగా ఊపినా హాయిగా ఉంటుంది. డ్రోన్‌కూ అంతే. అదే ఆకారంలో ఉన్న రెక్క వ్యాసం రెట్టింపైతే, అదే బరువు మోయడానికి నాలుగో వంతు వేగంతో తిరిగితే చాలు. అప్పుడు రెక్క కొస వేగం సగానికి పడిపోతుంది. చప్పుడు ముఖ్యంగా పుట్టేది ఆ కొసల దగ్గరే.

అలాగని 5 అంగుళాల రెక్క కోసం చేసిన మోటారుకు 10 అంగుళాల రెక్క తగిలించకండి, మోటారు కాలిపోతుంది. రెక్కలు ఒకదానికొకటి, ఫ్రేముకు తగలనంత చోటుంటే అర అంగుళం పెంచి చూడండి. ఒక నిమిషం గాల్లో ఒకే చోట నిలిపి (హోవర్ చేసి) దించి, బ్యాటరీ తీసేసి మోటారు తాకండి. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే పిచ్ తగ్గించాలి.

ఫొటోలు, వీడియోలు తీసే డ్రోన్‌కు ఒక్కో ప్రొపెల్లర్‌కు రెండు బ్లేడ్లే మేలు. మూడు బ్లేడ్లు మలుపుల్లో మంచి పట్టునిస్తాయి, అందుకే రేసింగ్‌లో వాడతారు. బ్యాటరీ మాత్రం కాస్త ఎక్కువ తాగుతాయి.

ఆకారంతోనూ తేడా వస్తుంది. 2017లో డ్రోన్ల కంపెనీ డీజేఐ తన మావిక్ ప్రో ప్లాటినం డ్రోన్‌కు కొత్త రెక్కలు, మోటారును నడిపే కొత్త ఈఎస్‌సీలు పెట్టి, చప్పుడు 4 డెసిబెల్స్ దాకా తగ్గిందని, ఎగిరే సమయం 27 నుంచి 30 నిమిషాలకు పెరిగిందని ప్రకటించింది.

ఇక బ్యాలెన్స్. రెక్కలో ఏ వైపు బరువుందో చూపే బ్యాలెన్సర్ మీద దాన్ని పెట్టండి. పైకి లేచే వైపు చిన్న సెల్లోటేపు ముక్క అంటిస్తే సరిపోతుంది. అంతకంటే ముందు అంచు వెంట గోరు నడపండి. నా డ్రోన్ ఒకసారి ఉన్నట్టుండి ఈల వేయడం మొదలుపెట్టింది. బేరింగ్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఒక రెక్క అంచున సన్నటి గంటు, కంటికి ఆనలేదు, గోటికి తగిలింది. అలాంటి రెక్కను అతికించి వాడొద్దు, పారేయండి.

చివరగా పరీక్ష. గాలి లేని పొద్దున, అదే ఎత్తులో, ఫోన్ అదే చోట ఉంచి, సౌండ్ మీటర్ యాప్‌తో పాత రెక్కలనూ కొత్తవాటినీ కొలవండి. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోయినా తేడా తెలుస్తుంది. నిండు బ్యాటరీ 30 శాతానికి దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాసుకోండి. చప్పుడుతో పాటు నిమిషాలూ తగ్గితే ఆ రెక్క మీ మోటారుకు బరువైందన్నమాట. పిచ్ ఒక మెట్టు తగ్గించి మళ్లీ ఎగరేయండి.