ఇన్‌స్టాలేషన్ డిస్క్ పాడైందా, మురికే పట్టిందా? ఫార్మాట్ కొట్టే ముందే చూస్కోండి

ఇన్‌స్టాలేషన్ బాగానే మొదలై సగంలో ఆగిపోయి "సైక్లిక్ రిడండెన్సీ చెక్" (అంటే చదివిన డేటాలో తప్పుందని) అనో, కేబినెట్ ఫైల్ (ఇన్‌స్టాలేషన్ ఫైళ్ళని కుదించి పెట్టే మూట) కరప్ట్ అయింది ఎర్రర్ 1335 అనో వస్తే చాలామంది ముందు కంప్యూటర్నే అనుమానిస్తారు, ఇంకేముంది ఫార్మాట్ కొట్టేస్తారు, ఆ తర్వాత అదే డిస్క్‌తో విండోస్ ఎక్కించబోతే అది ఎక్కదు, ఉన్న సిస్టమ్ కూడా పోతుంది. అందుకే హార్డ్ డిస్క్ మీద చెయ్యి వేసే ముందు ఆ సీడీనో డీవీడీనో ఒకసారి చెక్ చెయ్యండి, దయచేసి ఈ ఒక్క పని మానకండి.

ముందు కంటితో చూడాలి. అంచులు, మధ్య కన్నం మాత్రమే పట్టుకుని లైటు కింద అటూ ఇటూ వంచి చూడండి, వేలిముద్రలూ దుమ్మూ అయితే మసకగా కనపడతాయి, గీత అయితే సన్నగా మెరుస్తుంది. గోరుతో మెల్లిగా తాకితే తగులుకునేంత లోతుంటే అది అనుమానించాల్సిన గీతే. గీత ఎటు పోయిందనేది కూడా ముఖ్యమే. మధ్యలోంచి అంచు వైపు నిలువుగా పోయిన గీతని డ్రైవ్ చాలావరకు తట్టుకుంటుంది, ఎందుకంటే ఒక్కో చుట్టులో కాస్తే పోతుంది, ఆ కాస్త డేటాని ఎర్రర్ కరెక్షన్ మళ్ళీ లెక్కగట్టుకుంటుంది, అదే గుండ్రంగా ట్రాక్ వెంబడే గీత పడితే ఒకే చోట వరసగా బోలెడు డేటా పోతుంది, దాన్ని సరిచేయడం దాని వల్ల కాదు. ఇంకోటి, సీడీని లోపల్నుంచి బయటికి చదువుతారు, మన వేళ్ళు తగిలేదేమో బయటి అంచుకి, అందుకే డిస్క్ నిండుగా ఉంటే మొదట్లో అంతా సాఫీగా పోయి చివర్లో ఆగుతుంటుంది.

లేబుల్ వైపు ఎవరూ చూడరు గానీ సీడీకి అసలు ప్రమాదం అటువైపే. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, డేటా పొర ఉండేది లేబుల్‌కి సరిగ్గా కింద, పైన పల్చటి పూత తప్ప ఇంకేం లేదు, అక్కడ గీసుకుపోతే ఇక ఏం చేసినా రాదు. బల్బుకి ఎదురుగా పెట్టి చూస్తే సూది బెజ్జాల్లా వెలుతురు కనపడితే పొర ఊడిందనే లెక్క. డీవీడీ నయం, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో డేటా పెడతారు. మధ్య కన్నం దగ్గర పగులు కనపడితే మాత్రం డ్రైవ్‌లో పెట్టొద్దు, ఆ స్పీడుకి లోపలే ముక్కలైపోవచ్చు.

మురికే అయితే మెత్తటి, నూగు రాలని గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి, కారణం పైన గీతల దగ్గర చెప్పిందే. జిడ్డు పోకపోతే గుడ్డని కొద్దిగా నీళ్ళతో గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తడిపి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ అస్సలొద్దు, ప్లాస్టిక్ మసకబారిపోతుంది. టూత్‌పేస్ట్ రుద్దమని చెప్తుంటారు, అది చదివే వైపున్న చిన్న గీతల్ని అరగదీస్తుంది నిజమే గానీ కొత్త గీతలు కూడా పెడుతుంది, నేనైతే వద్దనే అంటాను.

ఇప్పుడు అసలు పరీక్ష. డిస్క్ ఓపెన్ అయింది, ఫైల్ పేర్లు కనపడ్డాయి అంటే బాగున్నట్టు కాదు, పేర్లుండేది ఒక చిన్న భాగంలోనే. మొత్తం డిస్క్‌ని హార్డ్ డిస్క్‌లో ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యండి, చివరిదాకా ఎర్రర్ లేకుండా వస్తే దాదాపు అన్నీ చదవగలుగుతోందన్నమాట. ఎక్కడైనా ఆగితే ఆ ఫైల్ పేరు రాసుకోండి, తుడిచి మళ్ళీ కాపీ చెయ్యండి, ఈసారి దాటితే మురికే, మళ్ళీ అక్కడే ఆగితే గీతే అయ్యుంటుంది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే మాత్రం డిస్క్‌ని వదిలేసి డ్రైవ్ లెన్స్‌నీ, కేబుల్‌నీ, ర్యామ్‌నీ అనుమానించండి. వేరే మంచి డిస్కులు ఈ డ్రైవ్‌లో, ఈ డిస్క్ వేరే డ్రైవ్‌లో పెట్టి చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. పాత గేమ్ డిస్కులు కొన్నింట్లో కాపీ కొట్టకుండా కావాలనే చెడ్డ సెక్టార్లు (చదవడానికి రాని భాగాలు) పెట్టేవాళ్ళు, కాబట్టి వాటి ఇమేజ్ (మొత్తం డిస్క్‌కి ఒకే ఫైలుగా నకలు) తీసేటప్పుడు ఎర్రర్ వస్తే కంగారుపడొద్దు.

మీరే డౌన్‌లోడ్ చేసి రాసుకున్న (బర్న్ చేసుకున్న) డిస్క్ అయితే ముందు ఆ ఐఎస్‌ఓ ఫైల్ (డిస్క్ ఇమేజ్ ఫైలే) హ్యాష్, అంటే ఫైల్‌లోని డేటాని బట్టి లెక్కగట్టే కోడ్, తీసి సైట్‌లో ఇచ్చినదాంతో పోల్చండి, ఫైలే సగం దిగుంటే డిస్క్‌ని ఎంత తుడిచినా లాభం లేదు. రాసేటప్పుడు వెరిఫై ఆప్షన్ (రాసింది సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చదివి చూసేది) టిక్ పెట్టి తక్కువ స్పీడులో రాయండి. ఫెడోరా లాంటి లినక్స్ డిస్కుల్లో బూట్ మెనూలోనే మీడియా టెస్ట్ ఆప్షన్ ఉంటుంది, దాన్ని దాటేయకండి.

కాపీ మొత్తం ఎర్రర్ లేకుండా వచ్చిందా, అయితే అదే అదనుగా ఐఎస్‌ఓ ఇమేజ్ కూడా తీసి వేరే డ్రైవ్‌లో దాచి పెట్టుకోండి, ఆ తర్వాతే ఫార్మాట్.