నవారు మోసే గళ్ళ సంచి

క్రోషేతో అల్లిన చదరపు గళ్ళని (గ్రానీ స్క్వేర్లని) అతికించి చేసిన నా మొదటి సంచి రైతు బజారు నుంచి ఇంటికొచ్చేసరికి మోకాలి దాకా సాగిపోయింది. అందులో ఉన్నవల్లా రెండు కొబ్బరికాయలు, ఒక సొరకాయ, కిలో ఉల్లిపాయలు. గుమ్మంలో కూర్చున్న అమ్మ నన్నూ సంచినీ ఎగాదిగా చూసి, "సంచి అల్లావా, వల అల్లావా?" అంది.

మా అమ్మది నరసాపురం దగ్గర పల్లె. గౌను వేసుకునే వయసు నుంచీ లేసు అల్లిన చెయ్యి. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి పట్టుకెళ్ళేవాడు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని పేపర్లో చూపిస్తే, "అల్లినవాళ్ళ కళ్ళకేమన్నా వచ్చిందా?" అని కళ్ళజోడు తుడుచుకుంది. అలాంటి మనిషి వల అంటే వలే.

తప్పు కూడా ఆవిడే చూపించింది. పట్టీని సంచి పైమూలలకి కుట్టేశాను. లోపలి బరువంతా గళ్ళ సందుల్ని పట్టుకుని వేలాడింది. "అల్లికకి బరువు తగిలించకూడదే, కిందనుంచి ఎత్తాలి. ఉయ్యాలకి తాడు ఎలా వేస్తారు?" అంది. రెండో సంచి ఆ మాట మీదే కట్టాను. రెండేళ్ళుగా కూరలు మోస్తోంది, ఒక్క అంగుళం దిగలేదు.

దారం దగ్గర రాజీ పడకండి. యాక్రిలిక్ ఊలు మెత్తగా, చవగ్గా ఉంటుంది గానీ సంచికి పనికిరాదు, బరువుకి సాగిపోతుంది. 8 ప్లై మందం నూలు దారం తీసుకోండి. 50 గ్రాముల ఉండలు ఎనిమిది కొంటే నాకు కాస్త మిగిలింది. కొక్కెం మొన ఉన్న క్రోషే సూది 3.5 మి.మీ. ఇదే దారంతో దుప్పటి అల్లితే 4 వాడేదాన్ని. సంచికి అల్లిక బిగుతుగా ఉండాలి. ఎరుపు, ముదురు నీలం కొనేటప్పుడు ఒక మూర దారం తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు దిగితే ఆ ఉండని పక్కన పెట్టెయ్యండి, లేదంటే మొదటి ఉతుకులోనే సంచి మొత్తం గులాబీ రంగు తేలుతుంది.

ఇక గడి. వీడియోలు చూసేవాళ్ళు తికమకపడేది పేర్ల దగ్గరే. అమెరికా వాళ్ళ డబుల్ క్రోషే ఇంగ్లాండు వాళ్ళకి ట్రెబుల్. నేను చెప్పేది అమెరికా లెక్క: సూది మీద దారం ఒకసారి వేసి, లోపలికి దించి లాగి, రెండు ముడులు జార్చి, మళ్ళీ రెండు జారిస్తే ఒక డబుల్ క్రోషే. అలాంటివి మూడు ఒకే చోట పడితే ఒక గుత్తి. గడి అంటే ఈ గుత్తులే.

నాలుగు చైన్లు (సూది మీది ముడిలోంచి దారం లాగితే ఒక చైను) వేసి స్లిప్ స్టిచ్‌తో రింగు కట్టండి (సూది దించి లాగిన దారాన్ని సూది మీది ముడిలోంచి కూడా లాగేస్తే స్లిప్ స్టిచ్). మూడు చైన్లు వేస్తే అది మొదటి డబుల్ క్రోషే కింద లెక్క. రింగులోనే ఇంకో రెండు వేస్తే ఒక గుత్తి అయింది. రెండు చైన్లు వేసి మరో గుత్తి, అలా మొత్తం నాలుగు గుత్తులు, వాటి మధ్య నాలుగు మూలలు. చివరి రెండు చైన్లు వేశాక మొదటి మూడు చైన్ల నెత్తి మీద స్లిప్ స్టిచ్‌తో కలపండి. రెండో వరస నుంచి ఒకటే సూత్రం: మూలలో గుత్తి, రెండు చైన్లు, గుత్తి, పక్క సందుల్లో ఒక్కో గుత్తి. మామూలుగా గుత్తికీ గుత్తికీ మధ్య ఒక చైను వేస్తారు. సంచికి అది మానెయ్యండి, కన్నాలు చిన్నవవుతాయి.

ఐదు వరసలు చాలు. వరసకి గుత్తులు 4, 8, 12, 16, 20 చొప్పున రావాలి. లెక్క తప్పిందంటే ఎక్కడో మూల మింగేశారన్నమాట. టీవీ చూస్తూ అల్లితే నాకు మూడో వరసలోనే పోతుంది.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి అల్లుకుంటూ పోతే గడి మెల్లగా ఒక పక్కకి మెలితిరుగుతుంది, గాలిపటం వంకరపోయినట్టు. వరస అయ్యాక పనిని వెనక్కి తిప్పి, తర్వాతి వరస అటునుంచి అల్లితే మెలిక సరిపోతుంది. నాలుగు మూలలూ చక్కగా నిలబడతాయి.

ఇలాంటి గళ్ళు పద్దెనిమిది కావాలి, ముందుకి తొమ్మిది, వెనక్కి తొమ్మిది. గడికి మూడు రంగులు వాడితే రంగుకి రెండు చొప్పున దారం తోకలు మిగులుతాయి. పద్దెనిమిది గళ్ళకి నూటెనిమిది, అచ్చంగా అష్టోత్తరం! అన్నీ ఆఖర్న దాచుదామని డబ్బాలో పడేస్తే సంచి అటకెక్కడం ఖాయం. కొత్త రంగు మొదలెట్టగానే రెండు తోకల్నీ పాత వరస మీద పడుకోబెట్టి, వాటిని కప్పుతూ ఏడెనిమిది కుట్లు అల్లండి. మిగిలిన ముక్కని మొద్దుమొన సూదితో ఎదురు దిశలో ఒకసారి వెనక్కి తిప్పి కత్తిరించండి. నూలు జారుడు దారం, ఒక్క దిశలోనే దాస్తే ఉతుకుల్లో బయటికొస్తుంది.

ఆఖర్న ప్రతి గడి చుట్టూ ఐదో వరస రంగుతోనే ఒక సింగిల్ క్రోషే వరస వెయ్యండి (సూది దించి లాగి, రెండు ముడులూ ఒకేసారి జారిస్తే సింగిల్ క్రోషే). కుట్టుకి ఒక కుట్టు. మూలలో ఒకటి, ఒక చైను, మళ్ళీ ఒకటి. పక్కకి 17 కుట్లు వస్తాయి. నా చేతికి గడి 12 సెంటీమీటర్లు తేలింది. మీది పదకొండో పదమూడో అయినా ఫరవాలేదు, పద్దెనిమిదీ ఒకేలా ఉంటే చాలు. అందుకే తడిపి, పిండి, వినాయక చవితి మంటపంలో మిగిలిన థర్మోకోల్ షీటు మీద గీసుకున్న గీతలకి పిన్నులతో బిగించి ఆరబెట్టాను. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. తుప్పు మరక నూలుని వదలదు.

అతికించడాన్ని అమ్మావాళ్ళు అతుకుపని అంటారు. ఒకరు ముక్కలు అల్లితే ఇంకొకరు అతుకుతారు, దానికి వేరే చెయ్యి ఉండాలంటుంది అమ్మ. నేను రెండు గళ్ళు మొహాలు లోపలికి పెట్టి, బయటివైపు పోగులు మాత్రమే పట్టుకుని సింగిల్ క్రోషేతో కలుపుతాను. ఒక్కో గడికీ దారం తెంపకండి. అడ్డం గీతలు రెండూ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఆ తర్వాత నిలువు గీతలు రెండు. నాలుగు మూలలు కలిసే చోట ఒక చైను వేసి దాటితే అక్కడ ముడుచుకోదు. మూడు వరసలు, వరసకి మూడు గళ్ళు: 36 సెంటీమీటర్ల చదరం. ఇలాంటివి రెండు.

ఇప్పుడు ఉయ్యాల తాడు. పదమూడు చైన్లు వేసి, వరసకి పన్నెండు సింగిల్ క్రోషేలు అల్లుకుంటూ పోతే సుమారు ఆరు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వస్తుంది. సంచి రెండు పక్కలకీ అడుగుకీ కలిపి 108 సెంటీమీటర్లు, భుజానికి 65. అంటే 173. విసుగు పుట్టించే పని, రైలు ప్రయాణాలకి దాచుకోండి. రెండు కొసలూ కలిపి వలయం చెయ్యండి, ఆ అతుకు సంచి అడుగున మధ్యలోకి రావాలి. ముందు, వెనక చదరాల్ని పట్టీకి పిన్నులతో నిలిపి, మూడు వైపులా సింగిల్ క్రోషేతో బయటనుంచే కలపండి. ఆ గట్టు అంచులా కనపడుతుంది, బాగుంటుంది.

ఈ పట్టీ లోపలి వైపు నవారు. అవును, మంచానికి వేసే నవారే. రెండంగుళాల నూలు నవారు అడిగి తీసుకోండి, నైలాన్‌ది అంటగడతారు. ముందు వేడినీళ్ళలో నానబెట్టి ఆరబెడితే ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. భుజం మీదనుంచి పక్కగా దిగి, అడుగు కిందుగా వెళ్ళి, రెండో పక్కనుంచి మళ్ళీ భుజానికి చేరాలి. కొసలు ఐదారు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వేసి, పెట్టెలాగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయించండి. ఈ ఒక్కదానికీ మా సందు చివర దర్జీ దగ్గరికెళ్ళాను, మిషను కుట్టుకి సాటి లేదు. ఈ అతుకు పక్కకి రావాలి. పట్టీ అతుకూ ఇదీ అడుగున ఒకచోటే పడితే గడ్డలా తగులుతుంది. తర్వాత నవారు రెండంచుల్నీ పట్టీకి చేత్తో హెమ్మింగు చేసుకోవచ్చు.

లోపలి గుడ్డకి అమ్మ పాత వెంకటగిరి చీర కొంగు వాడాను. చిరిగే దశలో ఉన్నది వద్దు. ముందు, వెనక ముక్కలు 37 సెంటీమీటర్ల వెడల్పు, 38 ఎత్తు. చుట్టూ పోయే ముక్క ఏడున్నర వెడల్పు, 110 పొడవు. కుట్టుకి పోగా సంచి కంటే కాస్త చిన్నదవుతుంది, కావాలనే అలా. గుడ్డ పెద్దదైతే సరుకు అల్లిక మీదకి ఒరుగుతుంది, చిన్నదైతే గుడ్డే ఆపుతుంది. పైన రెండు సెంటీమీటర్లు మడిచి సంచి మూతి లోపల కుట్టెయ్యండి.

ఉతికితే చన్నీళ్ళలో, చేత్తో. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టండి. దండెం మీద వెయ్యకండి. నేను ఊళ్ళో లేని రోజు మా ఆయన వేసి, ఎగిరిపోతుందేమోనని ఒక్కో గడికీ ఒక క్లిప్పు పెట్టారు. మళ్ళీ థర్మోకోల్ షీటు దించాల్సొచ్చింది.