మనసుకు తగిలిన గాయానికి సరైన సాయం ఎలా ఎంచుకోవాలి?

ప్రమాదమో, దాడో, చిన్నప్పుడు పడిన హింసో మనసును వదలనప్పుడు ఏం చేయాలని అడిగితే తలా ఒక మాట చెప్తారు. ఒకరు మందులు వేసుకోమంటారు, ఒకరు మందుల జోలికే పోవద్దంటారు, ఇంకొకరు అసలిది జబ్బే కాదంటారు. ఈ మాటల మధ్య నలిగి ఏ సాయమూ తీసుకోకుండా ఆగిపోయినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. ముందు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోండి. కొట్టే మనిషి ఇంట్లోనే ఉంటే ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడటం జబ్బు కాదు, కాపాడుకోవడం. ముందు అక్కడి నుంచి బయటపడాలి. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

2. మొదటి వారాల్లో తొందరపడొద్దు. పీడకలలు, నిద్ర లేకపోవడం, టెన్షన్ చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. జరిగిందంతా వెంటనే చెప్పించేస్తే మనసు తేలికవుతుందని అనుకుంటాం కానీ, అలా పట్టుబట్టి చెప్పించడం మేలు చేయదని పరిశోధనల్లో తేలింది. పక్కన కూర్చోండి, చెప్తే వినండి, అంతే. నెల దాటినా తగ్గకుండా రోజువారీ పనులకు అడ్డం పడుతుంటే నిపుణులను కలవాలి.

3. పేరు గురించి గొడవపడకండి. పీటీఎస్‌డీ (ఇలాంటి గాయం తర్వాత మనసును వదలకుండా పీడించే జబ్బు) అనే పేరు 1980లో అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథంలో చేరింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు దాని వెనుక ఉంది. జబ్బుకు ఒక పేరుందని తెలిస్తే 'ఇది నా బలహీనత కాదు' అన్న ధైర్యం వస్తుంది. 2018లో బ్రిటన్ సైకాలజిస్టులు కొందరు మరో మాట అన్నారు: నీకున్న లోపం ఏమిటని కాదు, నీకు ఏం జరిగిందని అడగాలని. నా మటుకు నాకు రెండూ కావాలి. పేరు వల్ల చికిత్స దొరుకుతుంది, ఆ ప్రశ్న వల్ల మనిషి కనిపిస్తాడు.

4. చికిత్స గురించి నేరుగా అడగండి. ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకోవడం), ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయంతో తప్పించుకుంటున్నవాటిని మెల్లమెల్లగా ఎదుర్కోవడం), సీపీటీ (జరిగినదాని గురించి మనసులో పాతుకుపోయిన ఆలోచనలను సరిచూసుకోవడం) లాంటి థెరపీలు ఈ గాయం మీదే పనిచేస్తాయి. సీపీటీ మామూలుగా 12 సెషన్లు ఉంటుంది. సెర్ట్రాలిన్ (డిప్రెషన్‌కి కూడా వాడేది) లాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టర్‌ని అడగకుండా ఒక్కసారిగా మానేయకండి. ఆల్‌ప్రజోలం లాంటి టెన్షన్ తగ్గించే మాత్రలు అప్పటికి హాయిగా అనిపించినా అలవాటైపోతాయి, పీటీఎస్‌డీకి వాటిని సిఫారసు చేయరు.

5. వైద్యమే గాయపరిచి ఉంటే దాచకండి. కట్టేసి ఉంచడం, బలవంతంగా ఇంజెక్షన్ ఇవ్వడం లాంటివి అనుభవించినవాళ్లు ఆసుపత్రి అంటేనే వణుకుతారు. వాళ్లను మొండివాళ్లనడం అన్యాయం. కుదుటగా ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి: నన్ను ఏది భయపెడుతుంది, ఏది నెమ్మదింపజేస్తుంది, ఏ మందు పడలేదు, ఎవరికి ఫోన్ చేయాలి. కొత్త డాక్టర్‌కి మొదటి రోజే ఆ కాగితం ఇవ్వండి. దాన్ని చదవకుండా పక్కన పడేస్తే, వీలైతే ఇంకో డాక్టర్‌ని వెతుక్కోండి.