చల్లటి ఇంజిన్ వణుకుతోందా? పాత కారులో లోపం ఎలా పట్టుకోవాలి?

పొద్దున్నే స్టార్ట్ చేయగానే బండి వణుకుతుంది, మిస్సింగ్ కొడుతుంది, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండక ఇంజిన్ తడబడుతుంది. కాసేపటికి అంతా సర్దుకుంటుంది. పాత పెట్రోల్ కార్లలో తరచూ వచ్చే ఇబ్బందే ఇది. ఇంజిన్ వేడెక్కితే లోపం దాక్కుంటుంది కాబట్టి రాత్రంతా ఆపి ఉంచిన బండి మీదే పరీక్ష చేయాలి. అదీ ఆరుబయట, ఎందుకంటే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

చాలామంది ముందు స్పార్క్ ప్లగ్గులు (పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి) కొనేస్తారు. నన్నడిగితే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌తో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచే సెన్సర్‌తో మొదలుపెట్టాలి. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అందుకే మొదట్లో పెట్రోల్ ఎక్కువ కావాలి. ఎంత ఎక్కువో బండిలోని ఇంజిన్ కంప్యూటర్ ప్రధానంగా ఈ సెన్సర్‌ను బట్టే తేలుస్తుంది. ఇంజిన్ వేడిగా ఉందని సెన్సర్ తప్పు చెబితే పెట్రోల్ చాలక మిస్సింగ్ వస్తుంది. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, ఇంజిన్ కంప్యూటర్‌కు తగిలించి చదివే స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతను, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను పోల్చండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. స్కానర్ లేకపోతే మల్టీమీటర్ చాలు: చాలా సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర 2,000 నుంచి 3,000 ఓమ్‌ల విద్యుత్ నిరోధం చూపిస్తాయి, వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది. కచ్చితమైన అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి.

కంప్యూటర్ బదులు కార్బ్యురేటర్‌తో పెట్రోల్, గాలి కలిపే బండైతే చూడాల్సింది చోక్, అంటే చల్లటి ఇంజిన్‌కు గాలి తగ్గించే రేకు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి. చోక్ వేసినప్పుడు రేకు దాదాపు మూసుకోవాలి. ఆటోమేటిక్ చోక్ అయితే స్టార్ట్ చేసే ముందు యాక్సిలరేటర్ ఒకసారి తొక్కితే మూసుకుంటుంది.

తర్వాత వాక్యూమ్ పైపులు, అంటే ఇంజిన్ గాలి పీల్చే భాగానికి కలిసే సన్నటి రబ్బరు పైపులు. పాత రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. వేడికి మెత్తబడి కొన్ని పగుళ్లు మూసుకుంటాయి కూడా. ఇంజిన్ ఆపి, ఒక్కో పైపునూ మెల్లగా వంచి చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బుస్సుమనే శబ్దం ఎక్కడినుంచి వస్తోందో వినండి, చేతులు ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉంచి. లీకు వెతకడానికి మండే స్ప్రేలు మాత్రం వాడొద్దు, నిప్పంటుకోవచ్చు.

యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే వణుకు పోతోందా? అయితే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం), ఐడిల్ వాల్వ్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు గాలి ఇచ్చేది) మసి పట్టిందేమో చూసి శుభ్రం చేయండి.

చివరగా ప్లగ్గులు. పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు. పెట్రోల్‌తో తడిస్తే ఆ సిలిండర్ మండడం లేదు, దాని ప్లగ్గుకు కరెంటిచ్చే వైరూ కాయిలూ చూడండి. ఒక్క ప్లగ్గు మాత్రమే కడిగినట్టు తెల్లగా ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌ను అక్కడికే పిలిపించండి.