కయాక్‌ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ)పై సముద్రపు చేపల వేట: కొత్తవారికి జాగ్రత్తలు
లైఫ్ జాకెట్‌ను సీటు వెనుక పడేయకుండా, ఒడ్డునే తొడుక్కొని పట్టీలన్నీ బిగించుకోవాలి. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం చాలా కష్టం. అన్నిటికన్నా మోసకారి నేల వైపు నుంచి సముద్రం మీదికి వీచే గాలి: ఒడ్డు దగ్గర నీరు అద్దంలా నిశ్చలంగా కనిపించినా, కాస్త లోపలికి వెళ్లేసరికి అలలు లేచి, ఎంత తెడ్డు వేసినా కయాక్ ఒడ్డుకు రాదు. అలాంటి రోజున వేట మానుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. బోల్తా పడిన కయాక్‌ను సరిచేసి, కాళ్లు ఆడిస్తూ పొట్ట మీదుగా పైకి పాకి కూర్చోవడాన్ని లోతు తక్కువ నీటిలో, తోడు ఉండగా, పదేపదే సాధన చేయండి. లంగరు తాడును కయాక్ పక్క భాగానికి ఎప్పుడూ కట్టవద్దు. తాడు చిక్కుకుంటే కోయడానికి కత్తి చేతికందేలా ఉండాలి. విజిల్, అత్యవసర పిలుపుకు 16వ చానెల్ పనిచేసే వీహెచ్‌ఎఫ్ రేడియో (సముద్రంలో పడవలవాళ్లు మాట్లాడుకోవడానికి వాడే చిన్న వైర్‌లెస్ సెట్) మీ ఒంటి మీదే ఉండాలి. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.