చరిత్ర ప్రాజెక్టు చేద్దాం – 2వ పాఠం: పెద్ద అంశాన్ని చేతికందేలా చేసుకోవడం

పోయిన పాఠంలో మీకు నచ్చిన అంశాలు మూడు రాసుకోమన్నాను. కర్నూలులో నా దగ్గరికొచ్చే పిల్లల నోట్‌బుక్కులు తెరిస్తే ఎక్కువగా కనిపించేవి ఇవే: రాయలసీమ చరిత్ర, కరువులు, కర్నూలు రాజధాని. మూడూ మంచివే, కానీ ఏదీ ఇంకా ప్రాజెక్టు కాలేదు. ఒక్కోదాని మీద జీవితమంతా పనిచేసినవాళ్ళున్నారు. మీ చేతిలో ఉన్నది రెండు నెలలు, అందులోనూ ఆదివారాలే.

ఈరోజు మూడోదాన్ని తీసుకుని చిన్నది చేద్దాం. పక్కన కాగితం పెట్టుకుని మీ అంశానికి కూడా ఇలాగే చేస్తూ రండి.

ముందు కాలం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. మొత్తం మూడేళ్ళ ఒక నెల. కాలం దానంతటదే కుదిరింది. అయినా అంశం ఇంకా పెద్దదే. కర్నూలే ఎందుకు అని అడిగితే 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక దాకా వెనక్కి నడవాలి. పాలన ఎలా సాగిందని అడిగితే 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోవడం, 1955 ఎన్నికలు అన్నీ మీద పడతాయి. పైగా ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. మీరు మళ్ళీ రాస్తే చూసి రాసినట్టే ఉంటుంది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సరిగ్గా ఇక్కడే వారం రోజులు ఆగిపోయింది. "సార్, అంతా ముందే రాసేసినారు, ఇంక నేనేం రాసేది?" అని ఒకటే టెన్షన్. ఇంటికెళ్ళి మీ జేజిని ఒక్క మాట అడుగమ్మా, రాజధాని వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం మారిందో అని చెప్పి పంపాను. మరుసటి రోజు జేజి మాటలు ఉన్నవున్నట్టు రాసుకొచ్చింది: "మిద్దె మీద రూములో ఇద్దరు గుమాస్తాలు ఉండిరి. మా నాయన బాడుగ పెంచినాడు. వాళ్ళు హైదరాబాదుకు పోయినాక ఆ రూములో శెనక్కాయ మూటలు ఏసినాము."

ఆ శెనక్కాయ మూటల దగ్గర ప్రాజెక్టు దొరికింది. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయని అందరూ రాస్తారు. ఆ గుడారాల్లో పనిచేసినవాళ్ళు రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారో, వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఇళ్ళు ఏమయ్యాయో అడిగేవాళ్ళు తక్కువ. మేమిద్దరం కూర్చుని ఆ మాటను ఇలా రాసుకున్నాం: "1953–56 మధ్య రాజధాని రావడం, పోవడం వల్ల మా పేటలో ఇళ్ళు బాడుగకిచ్చినవాళ్ళ బతుకులో ఏం మారింది?" కాలం ఉంది, చోటు ఉంది, మనుషులున్నారు. చివర ప్రశ్నగుర్తు కూడా ఉంది. దాన్ని మాత్రం వదలకండి. "కర్నూలు రాజధాని" అన్నది అట్ట మీద పేరు. ప్రశ్న ఉంటేనే ఏం వెతకాలో తెలుస్తుంది.

ఒక్క జేజి రూముతోనే ఆపితే అది ఇంటి కథ అవుతుంది. అదే పేటలో నాలుగైదు ఇళ్ళు తిరిగితేనే చరిత్ర.

ఇక ఆధారాలు. నేను పిల్లలకు పెట్టే షరతు ఒకటే: రెండు వేరువేరు వైపుల నుంచి ఆధారం దొరకాలి, లేదంటే ప్రశ్న మార్చుకోవాలి. మనిషి జ్ఞాపకం ఒకవైపు, ఆ కాలంలోనే రాసిన కాగితం ఇంకోవైపు. ఆ అమ్మాయి ఇంట్లో పాత ట్రంకుపెట్టె అడుగున వాళ్ళ ముత్తాత చిట్టా పుస్తకం ఉంది. అందులో బాడుగ జమ, జేజి చెప్పినదానికంటే ఏడాది ఆలస్యంగా మొదలైంది. పిల్ల భయపడింది, జేజి తప్పు చెప్పిందేమోనని. నాకైతే చాలా సంతోషమేసింది. ఆ ఏడాది వాళ్ళు బాడుగ లేకుండా ఉన్నారా, లేక జేజికి సంవత్సరం కలగాపులగమైందా? ప్రాజెక్టులో అన్నిటికన్నా మంచి రెండు పేజీలు అక్కడే వచ్చాయి.

కరువు రాసుకున్నవాళ్ళూ ఇదే షరతు పెట్టి చూడండి. 1876–78 నాటి ధాత కరువును చూసినవాళ్ళు ఇప్పుడు లేరు, ఉన్న ప్రభుత్వ రికార్డులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉన్నాయి. పదో తరగతి పిల్లలకు అది బరువు. అదే 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకొచ్చిన వరద అయితే సాక్షి మీ అమ్మే. దాన్నీ చిన్నది చేయండి: "తడిసిపోయిన రేషన్ కార్డు, సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు మా వీధివాళ్ళు మళ్ళీ ఎలా తెచ్చుకున్నారు?" నీళ్ళ మరకలున్న కాగితాలు ఇంకా కొన్ని బీరువాల్లో ఉంటాయి.

ఈ వారం పని: మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. కింద రెండు ఆధారాలు, అవి ఎవరి దగ్గర, ఎక్కడ దొరుకుతాయో రాయండి. పెద్దవాళ్ళను ఎలా అడగాలో, ఏం అడగకూడదో వచ్చే పాఠంలో చూద్దాం. అయితే 1953లో పదేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటారు. జిల్లా గ్రంథాలయానికి వచ్చే నెలలో పోవచ్చు. మీ వీధిలో అలాంటి పెద్దాయనో అవ్వో ఉంటే, ప్రశ్న పూర్తిగా కుదరకపోయినా సరే, ఈ ఆదివారమే వెళ్ళి కాసేపు కూర్చుని రండి.